స్కౌట్ పిల్లల యూనిఫాం, శిబిరం సంచి: ఏది కొనాలి, ఏది ఇంట్లోది చాలు

బడిలో స్కౌట్‌లో పేరు ఇచ్చానని పిల్లవాడు చెప్పిన వారంలోపే తల్లిదండ్రులు పొడవాటి జాబితా పట్టుకొని బజారుకు పోవడం మన నల్లగొండ, పాలమూరు వైపు మామూలైపోయింది. ఆ జాబితాలో సగం వస్తువులు కొననక్కరలేదు. యూనిఫాం మాత్రం భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నియమాలు చెప్పినది చెప్పినట్టే ఉండాలి, అక్కడ మన అభిరుచికి చోటు లేదు. శిబిరం సామాను సంగతి వేరు, ఇంట్లో ఉన్నదానితో, పిల్లవాడు తానే మోసుకుపోగలిగినంతలో సర్దుకోవడమే దానికి సరైన పద్ధతి.

స్కౌట్‌కు స్టీల్ గ్రే రంగు చొక్కా, ముదురు నీలం నిక్కరు లేదా ప్యాంటు, ముదురు నీలం బెరె టోపీ, సంస్థ బకిల్ ఉన్న బెల్టు, నల్ల సాక్సులు, నల్ల బూట్లు కావాలి. గైడ్ అమ్మాయిల దుస్తులు లేత నీలం, ముదురు నీలం రంగుల్లో ఉంటాయి. బట్టల దుకాణంలో స్టీల్ గ్రే అని అడిగితే బూడిద రంగు నుంచి ఏనుగు రంగు దాకా నాలుగైదు తాన్లు పరుస్తారు కనుక, స్కౌట్ మాస్టర్ దగ్గర నమూనా ముక్క తీసుకొని, దానిని బట్ట తాను పక్కన పెట్టి, వీలైతే పగటి వెలుగులో చూసుకొని కొనడం మంచిది. చొక్కాకు రెండు అతుకు జేబులు, భుజాల మీద పట్టీలు ఉండాలని దర్జీకి ముందే చెప్పాలి. పదేళ్లు దాటిన పిల్లలు ఏడాదిలోనే పొడవు పెరుగుతారు. ప్యాంటు అంచులో రెండంగుళాల బట్ట లోపలికి మడిపించి, పక్క కుట్లలో అరంగుళం వదిలిస్తే మరుసటి సంవత్సరం కూడా అదే జత పనికి వస్తుంది. పై తరగతి పిల్లల పాత యూనిఫాం తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు, కానీ దాని మీది సోపాన్ (స్కౌట్ శిక్షణలోని మెట్టు) బ్యాడ్జీలను విప్పించాలి, ఎందుకంటే అవి ఇంకొకరు పరీక్ష ఇచ్చి సంపాదించుకున్నవి. సభ్యత్వ బ్యాడ్జి ఎడమ జేబు మధ్యలోకి, ప్రపంచ స్కౌట్ బ్యాడ్జి కుడి జేబు మధ్యలోకి రావాలి.

అన్నింటిలోకి ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది స్కార్ఫ్. అది అలంకారమని అనుకొని జారుడు పాలియెస్టర్ ముక్కతో చిన్నగా కుట్టి అమ్ముతుంటారు. నిజానికి స్కార్ఫ్ అంటే మెడలో వేసుకు తిరిగే ప్రథమ చికిత్స కట్టు. ఈ త్రికోణపు బట్టకు పొట్టి అంచులు రెండూ 70 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటే పొడుగు అంచు మీటరుకు అటూఇటూగా వస్తుంది. చెయ్యి విరిగిన పిల్లవాడికి ఊయల కట్టు కట్టాలంటే ఆ మాత్రం బట్ట ఉండాలి, అదీ ముడి జారని నూలుదై ఉండాలి. రంగు పిల్లవాడు చేరిన స్కౌట్ దళానిది. ఆకుపచ్చ, ఊదా, పసుపు రంగులను వేరేవారికి కేటాయించారు కనుక అవి పనికిరావు. వేసుకునే ముందు స్కార్ఫ్‌ను బల్ల మీద పరిచి, పొడుగు అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పున మడత మీద మడత వేస్తూ కొస వైపు పోవాలి, వీపు మీద జానెడు త్రికోణం మిగిలేట్టు అక్కడ ఆపాలి. తర్వాత కాలరు మీదుగా వేసి, ముందు రెండు కొసలు సమంగా ఉన్నాయో లేదో చూసుకొని వాగుల్ (కొసలను కలిపి పట్టే ఉంగరం లాంటిది) ఎక్కించాలి. చేతితో నలిపి తాడులా మెలిపెట్టిన స్కార్ఫ్ దూరం నుంచే తెలిసిపోతుంది.

బూట్ల గురించి ఒకే మాట: కొత్తవాటితో శిబిరానికి పంపకూడదు, కనీసం వారం రోజులు బడికి తొడిగించి మెత్తబడ్డాక పంపాలి.

ఇక సంచి. 2020 నాటి కేంద్ర విధానం ప్రకారం బడి సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదు. నడక యాత్రకు కూడా ఆ లెక్కనే పాటిస్తే 30 కిలోల పిల్లవాడికి 3 కిలోలు వస్తుంది, అందులో లీటరు నీళ్లకే ఒక కిలో పోతుంది. మిగిలిన రెండు కిలోలలో ఒక జత బట్టలు, తువ్వాలు, టార్చి, పళ్లెం, గ్లాసు, చెంచా, సబ్బు, దూది, అయొడిన్ మందు, నోటు పుస్తకం పట్టాలి. సత్తు పళ్లెం తేలిక. గాజువి, పింగాణివి వద్దు. సంచిని తల్లి సర్దితే చీకట్లో టార్చి ఎక్కడుందో పిల్లవాడికి తెలియదు కనుక వాడితోనే సర్దించి, పక్కన కూర్చొని చూస్తే చాలు.

పడకకు స్లీపింగ్ బ్యాగ్ కొనాలా అని చాలామంది అడుగుతారు. పాలమూరులో కురుమలు నేసే గొంగడి ఉన్న ఇంటికి ఆ ఖర్చు అనవసరం. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి అది సరిపోతుంది, మంచుకు కొంచెం తడిసినా వెచ్చదనం పోదు. ఒంటికి గుచ్చుకుంటుంది కనుక లోపల నూలు దుప్పటి కప్పుకోవాలి, బరువు కనుక సామాను బండిలో వేయాలి. కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద చాప ఉంటే నేల చెమ్మ పైకి రాదు.

తాడు విషయంలో నైలాన్ కంటే నూలుదో జనపనారదో మేలు, పిల్లలు నేర్చుకునే రీఫ్ ముడి, క్లోవ్ హిచ్ వంటివి దాని మీద జారకుండా నిలుస్తాయి. కొస పురి విడిపోకుండా దారం చుట్టడం మొదటి రోజే నేర్పాలి. గట్టి నూలు దారాన్ని మెలికగా మడిచి, ఆ మెలిక కొస వైపు ఉండేట్టు తాడు మీద పెట్టి, దాని మీదుగా కొస వైపు పక్కపక్కనే బిగుతుగా చుట్లు వేయాలి. చుట్టిన వెడల్పు తాడు మందమంత అయ్యాక, చేతిలోని దారాన్ని మెలికలోంచి దూర్చి రెండో కొసను లాగితే మెలిక చుట్ల కిందికి పోయి, ముడి లేకుండానే బిగుసుకుంటుంది.

డేరాతో వచ్చే సన్నటి మేకులు మన మొరం నేలలో సుత్తి దెబ్బకు వంగిపోతాయి. లావు ఇనుప మేకులు కమ్మరి దగ్గర చేయించుకోవడం, గుండు రాళ్లు దొరికే చోట తాళ్లను వాటికి కట్టడం తెలివైన పని. చెరువు కింది నల్లరేగడి నేల వానకు మెత్తబడితే ఏ మేకూ నిలవదు, అక్కడ డేరా వేయకపోవడమే నయం. ఉదయం లేవగానే బూట్లను బోర్లించి దులిపిన తర్వాతే తొడుక్కోవాలి, రాళ్ల నేలలో తేళ్లు ఎక్కువ.

నీళ్ల గురించి నల్లగొండ వారికి వేరే చెప్పాలా? కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. శిబిరం స్థలంలో బోరు నీళ్లే దిక్కయితే, ఊళ్లోని మిషన్ భగీరథ నల్లా నుంచి తాగునీటిని డ్రమ్ములలో తెప్పించే ఏర్పాటు స్థలం ఖాయం చేసేటప్పుడే చూసుకోవాలి. మన్ననూరు వైపు నల్లమలకు పోయే దళాలు అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కనుక క్యాంప్‌ఫైర్ ఆలోచన మానుకొని వంట సామాను కూడా దానికి తగ్గట్టే సర్దుకోవాలి.

తిరిగి వచ్చాక డేరాను మంచు తడితోనే మడిచి మూల పడేస్తే బూజు పట్టి బట్ట చివికిపోతుంది. ఆ రోజే మేడ మీద ఆరబెట్టి, మేకులకు మన్ను తుడిచి, లెక్క చూసి సంచిలో వేయాలి. గొంగడికి ఎండ తగిలించి, ఎండిన వేపాకు మడతల్లో వేసి ఎత్తిపెట్టాలి.