మీరు రాసిన పాటని ఏఐతో పాడించాలంటే

పాట రాసే అందరికీ పాడే గొంతు ఉండదు, ట్యూన్ కట్టేవాళ్ళు దొరకరు, దాంతో రాసిన పల్లవి నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది. నేను ఇప్పటిదాకా నావి ఓ పదిహేను పాటలు ఏఐతో పాడించాను, నాలుగే మనసుకి నచ్చినట్టు వచ్చాయి, ఆ నాలుగింటికీ నేను కాగితం మీద ఎక్కువ పని చేశాను, అంతే తేడా.

మెషిన్ పాడడం కొత్తేం కాదండి. 1961లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో కంప్యూటర్ చేత ఒక పాత ఇంగ్లిష్ పాట పాడించారు. 2004లో యమహా వాళ్ళ వోకలాయిడ్ అనే పాటలు పాడే సాఫ్ట్‌వేర్ వచ్చింది, అందులో ఏ స్వరం మీద ఏ అక్షరం పడాలో మనమే కూర్చాలి. ఇప్పుడు సునో, యూడియో లాంటి ఏఐ పాటల యాప్‌లలో సాహిత్యం పేస్ట్ చేసి స్టైల్ రాస్తే చాలు, ట్యూను, వాయిద్యాలు, గొంతు అన్నీ అదే ఇచ్చేస్తుంది. సుఖమే, కానీ ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట సాగదీయాలో మీ మనసులో ఉన్నది దానికి తెలీదు, మీరు టైప్ చేసిందే దానికి తెలుసు.

అందుకని మొదటి పని, చేత్తో తాళం వేస్తూ పాటని బయటికి చదవండి, మాత్రలు లెక్కపెట్టండి, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం: పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి, సున్నా ఉన్నదానికి, వత్తు ముందున్న అక్షరానికి రెండు. "నీ నవ్వులో వెన్నెల" అంటే 11 మాత్రలు, కింద "నా గుండెలో ఊయల" అన్నా 11, హాయిగా కూర్చుంటుంది. అదే కింది లైన్‌ని భావం బాగుందని "నా గుండెలోపల ఊగుతున్న ఊయల" అని పెంచితే 19 అవుతుంది, మనిషి గాయకుడైతే ఎలాగో సర్దుకుంటాడు, ఇదైతే మధ్యలో అక్షరాలు మింగేసి పరిగెడుతుంది, వినేవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు.

రెండోది ఉచ్చారణ, తెలుగుకి అసలు కష్టం ఇక్కడే. ళ, ణ దగ్గర చాలాసార్లు తప్పుతుంది, వత్తులు తేలిపోతాయి, దీర్ఘాలు పొట్టివైపోతాయి. నా ఒక చరణంలో "నీ కళ్ళు" అని ఉంటే అది ఎన్నిసార్లు పాడించినా "నీ కల్లు" అనే పాడింది, ప్రేమ పాట కాస్తా పాడైపోయింది. చివరికి "కనులు" అని మార్చాను, మాత్రలు రెండింటికీ మూడే కాబట్టి లైన్ చెడలేదు. ఇలా మాట మార్చే వీలుంటే మార్చేయండి, ఆ మాటే కావాలంటే మాత్రం విడగొట్టి రాయడం, సాగాల్సిన చోట "పాఆఆట" అని అచ్చు పొడిగించి రాయడం లాంటివి ట్రై చేయండి. అంకెలు ఉంటే అక్షరాల్లోనే రాయాలి.

ఇంకొకటి, మనం చరణం చివర పల్లవి మళ్ళీ రావాలని ॥నీ నవ్వులో॥ అని గుర్తు పెడతాం కదా, అది మనుషుల కోసం పెట్టుకున్న గుర్తు. మెషిన్ ఆ రెండు మాటలే పాడేసి తర్వాతి చరణంలోకి వెళ్ళిపోతుంది, కాబట్టి పల్లవి వచ్చే ప్రతిచోటా మొత్తం మళ్ళీ పేస్ట్ చేయాలి. పల్లవి ముందు స్క్వేర్ బ్రాకెట్లలో కోరస్ అని, చరణం ముందు వర్స్ అని ఇంగ్లిష్‌లో పెడితే దానికి ఎక్కువ అర్థమవుతుంది.

స్టైల్ బాక్స్‌లో "బాధగా" అని ఒక్క మాట రాస్తే ఏదో ఒకటి వస్తుంది. నెమ్మదిగా, 70 బీపీఎం (నిమిషానికి 70 దెబ్బల వేగం), ఆడ గొంతు, ఫ్లూట్, తబలా, డ్రమ్స్ వద్దు, ఇలా విడివిడిగా చెప్పండి.

మొదటిసారి వచ్చిందే బాగుందనిపిస్తుంది, మన మాటలు ఎవరో పాడుతుంటే వచ్చే సంతోషం అది, నాకైతే మొదటిసారి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కానీ ఆగండి, ఆరేడు వెర్షన్లు తీసి, సాహిత్యం అస్సలు చదవని ఒకరికి వినిపించి వాళ్ళకి వినపడింది రాయమనండి, వాళ్ళు తప్పు రాసిన చోటే మీరు సరిచేయాల్సింది ఉంది.

మీరు శ్రుతిలో పాడగలిగితే ఇంతకంటే మంచి దారి ఉంది, వాయిస్ కన్వర్షన్. మీరే పాడి రికార్డ్ చేస్తే అది గొంతు మాత్రమే మారుస్తుంది, ట్యూను, గమకం, ఆగే చోటు మీవే, మీ ళ కూడా చాలావరకు ళ లాగే ఉంటుంది. తెలుగు పాటకి నా ఓటు దీనికే, కాకపోతే చప్పుడు లేని గదిలో, రివర్బ్ (గొంతు వెనక మోగే ప్రతిధ్వని) లేకుండా రికార్డ్ చేయాలి.

ఎవరి గొంతు పడితే వాళ్ళ గొంతు మాత్రం వాడొద్దు, ప్లీజ్. 2024లో ఏ.ఆర్. రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఏఐతో వాడినప్పుడు వాళ్ళ కుటుంబాల అనుమతి తీసుకుని డబ్బు కూడా ఇచ్చారు, అదే ఏడాది గాయకుడు అరిజిత్ సింగ్ కేసులో బాంబే హైకోర్టు అనుమతి లేకుండా ఆయన గొంతు ఏఐతో సృష్టించడాన్ని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వేరేవాళ్ళు రాసిన పాటైతే రాసినవాళ్ళని అడగాలి, అది అడగకుండా చేస్తే దొంగతనమే.

మీ సాహిత్యం మీదే, ఏఐ పాడినంత మాత్రాన హక్కు పోదు. ట్యూను, గొంతు సంగతి వేరు, ప్రాంప్ట్ (మనం టైప్ చేసే సూచన) ఇచ్చినంత మాత్రాన వచ్చిన దానికి కాపీరైట్ రాదని అమెరికా కాపీరైట్ ఆఫీస్ 2025 జనవరి రిపోర్టులో చెప్పింది. సునోలో ఫ్రీ ప్లాన్‌లో చేసిన పాటని డబ్బు సంపాదనకి వాడకూడదు, మిగతావాటిలో కూడా టర్మ్స్ చదివాకే అప్‌లోడ్ చేయండి. సాహిత్యం మీరే రాశారనడానికి ఆధారంగా, కొట్టివేతలతో ఉన్న మీ నోట్‌బుక్ పేజీని తేదీ వేసి ఫోటో తీసి దాచుకోండి, పాట కింద రచన దగ్గర మీ పేరు, గానం దగ్గర ఏఐ అని రాయండి.