సూపర్ పవర్ సినిమాకు మార్కులు వేయడం ఎలా?

సూపర్ పవర్ సినిమా ఎలా ఉందని ఎవరైనా అడిగితే "బాగుంది" అన్న ఒక్క ముక్కతో సరిపోదు. కన్నార్పకుండా చూసిన సినిమాయే, బలమున్నవాడు ఏం చేసినా చెల్లుతుందని నూరిపోసి పంపవచ్చు. మంచి మాటలు నిండుగా ఉన్న సినిమా ఆవలింతలు తెప్పించవచ్చు. అందుకే వినోదానికి ఒక మార్కు, విలువలకు ఒక మార్కు విడివిడిగా వేయాలి. రెండూ కలిపి సగటు తీస్తే ఏదీ తెలియదు.

1. మొదట హాయిగా చూడండి

నోట్‌బుక్ పక్కన పెట్టేయండి. ఈల వేయాలనిపిస్తే వేయండి. చెయ్యి ఫోన్ వైపు ఎక్కడ వెళ్లిందో మాత్రం గుర్తుంచుకోండి, సినిమా జారిపోయింది అక్కడే.

2. ఆ శక్తికి హద్దేమిటో ఒక్క వాక్యంలో రాయండి

హీరో ఏం చేయగలడో పోస్టర్ చూస్తేనే తెలుస్తుంది. టెన్షన్ పుట్టేది మాత్రం అతను చేయలేని దాంట్లోంచే. సూపర్‌మాన్ 1938లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు అతన్ని నీరసపరిచే క్రిప్టొనైట్ లేనే లేదు. అది 1943లో రేడియో సీరియల్ ద్వారా వచ్చి చేరింది. దేనికీ లొంగని హీరోతో కథ ఎంతో దూరం నడవదు మరి. హద్దేమిటో మీరు రాయలేకపోతే, లేదా క్లైమాక్స్‌లో అవసరానికి కొత్త శక్తి ఊడిపడితే, మొహమాటపడకుండా మార్కులు కోసేయండి.

3. ఒక ఫైట్ తీసుకుని నిదానంగా చూడండి

ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఏం కావాలి, ఏం పోబోతోంది? ఈ మూడూ చూస్తుండగానే తెలియాలి. 2004లో వచ్చిన 'స్పైడర్‌మాన్ 2'లో రైలు సన్నివేశం ఇందుకు మంచి పాఠం. విలన్ రైలును ఆపే వీలు లేకుండా చేసి పోతాడు, ముందు పట్టాలు అయిపోతున్నాయి. హీరో ముందుగా కాళ్లు అడ్డం పెట్టి చూస్తాడు, కుదరదు. తర్వాత రెండు పక్కల భవనాలకు దారాలు విసిరి, ఒళ్లు చీలిపోతుందేమో అన్నంతగా లాగి పట్టుకుంటాడు. రైలు ఆగుతుంది, అతను స్పృహ తప్పుతాడు. ప్రయాణికులు అతన్ని చేతుల మీదుగా లోపలికి మోసుకెళ్తారు. ముసుగు లేదు, చూస్తే కుర్రాడు. ఎవరికీ చెప్పమని మాటిస్తారు. ఊపిరి బిగబట్టించినదీ, మనసులో నిలిచేదీ ఒకే సన్నివేశం. ఇలాంటిది దొరికితే రెండు మార్కులూ పెంచండి.

4. ఫైట్ అయ్యాక ఏం చూపించారో గమనించండి

ఎన్ని గుద్దులు, ఎన్ని బూతులు అని లెక్కపెట్టడం నా దృష్టిలో దండగ పని. దెబ్బ ఎవరికి తగిలింది, దాన్ని ఎవరైనా పట్టించుకున్నారా? 2013 నాటి సూపర్‌మాన్ సినిమా 'మ్యాన్ ఆఫ్ స్టీల్'లో హీరో ఒక కుటుంబాన్ని కాపాడటానికి విలన్ మెడ విరిచి, ఆ తర్వాత గుండె పగిలేలా అరుస్తాడు. ఆ ఒక్క చావుకు బరువుంది. అంతకుముందు కుప్పకూలిన భవనాల్లోని జనానికి మాత్రం ఆ బరువు దక్కలేదు. 2016లో వచ్చిన తర్వాతి కథ అదే విధ్వంసాన్ని నేల మీద నిలబడ్డవాళ్ల కళ్లతో మళ్లీ చూపించాల్సి వచ్చింది.

5. విలన్ వాదన వినండి

చెడ్డవాడు కాబట్టి చెడ్డవాడు అంటే అది పిల్లల ఆట. 'బ్లాక్ పాంథర్' (2018)లో విలన్ కిల్‌మంగర్ ప్రశ్న సరైనదే: ఇంత సంపద, ఇంత శక్తి ఉన్న హీరో దేశం వకాండా, బయట నలిగిపోతున్న నల్లజాతివాళ్లను ఎందుకు పట్టించుకోలేదు? అతను ఎంచుకున్న దారే తప్పు. హీరో అతన్ని ఓడించి ఊరుకోడు, ఆ ప్రశ్నకు తలొగ్గి దేశం తలుపులు తెరుస్తాడు. గెలిచాక కూడా ఏమీ మారని హీరోకు విలువల మార్కు తక్కువే పడాలి.

6. రేటింగ్‌ను చూడండి, దాన్నే నమ్ముకోకండి

పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులను హెచ్చరించే పీజీ-13 రేటింగ్ అమెరికాలో 1984లో మొదలైంది. హింస మోతాదు ఎంతో అది చెబుతుంది, ఆ హింసను సినిమా మెచ్చుకుంటోందో లేదో చెప్పదు. రక్తం చుక్క కనబడకుండా వందమందిని కూల్చే సినిమాలు బోలెడు.

చివరగా రెండు అంకెలు వేసి, ఒక్కోదాని పక్కన ఒక సన్నివేశం పేరు రాయండి. వినోదం 8, విలువలు 4 అయితే పెద్దవాళ్లు సరదాగా చూసేయవచ్చు. పదేళ్ల పిల్లలతో చూస్తే మాత్రం, ఆ 4 వేయించిన సన్నివేశం గురించి ఇంటికొచ్చాక వాళ్లతో మాట్లాడండి.