పాత ట్రాక్టరుకి క్యామ్ షాఫ్ట్ మార్చాలంటే

దమ్ములో బండి లాగడం లేదు, ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది, టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) సరిచేసిన నాలుగు రోజులకే మళ్లీ టకటకమంటోంది అంటే నాజిళ్లు, పంపు అని పరుగెత్తే ముందు రాకర్ కవర్ తీయండి. గ్యాప్‌లన్నీ సరిగ్గా పెట్టి, ఇంజన్‌ని చేత్తో తిప్పుతూ ఒక్కో వాల్వు ఎంత కిందికి దిగుతుందో కొలవండి. ఇన్లెట్లను ఇన్లెట్లతోనే, ఎగ్జాస్ట్‌లను ఎగ్జాస్ట్‌లతోనే పోల్చాలి. ఒకటి మాత్రం బాగా తక్కువ దిగుతూ, దాని పుష్ రాడ్ (కింది నుంచి రాకర్‌ని నెట్టే కడ్డీ) వంగలేదంటే క్యామ్ షాఫ్ట్ (తిరుగుతూ వాల్వుల్ని తెరిపించే కడ్డీ) అరిగినట్టే. దాని మీది ఎగ్జాస్ట్ లోబ్ (గుబ్బ) అరిగితే కాలిన గ్యాస్ బయటికి పోలేక ఎయిర్ క్లీనర్ వైపు టప్‌మని తన్నడం కూడా వినిపిస్తుంది.

పని చేయించేదేదో ఎడగారుకి (రెండో పంటకి) ముందే పెట్టుకోండి. సోమశిల డ్యామ్ నీళ్లు కాలవలకి వదిలాక మెకానిక్ దొరకడం కష్టం.

క్యామ్ ముందు వైపు నుంచే బయటికి రావాలి కాబట్టి రేడియేటర్, ముందు ఇరుసు రెండూ విడదీయాలి. ఇక్కడ తొందర వద్దు. ఇరుసు పక్కకి ఒరగకుండా దాని పైన రెండు వైపులా సందుల్లో చెక్క ముక్కలు బిగించి, గేర్‌బాక్స్ కింద గట్టి స్టాండ్ పెట్టాకే బోల్టులు వదలాలి, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు.

టైమింగ్ కవర్ (ముందు వైపు గేర్ల మీది మూత) తీశాక ఒకటో సిలిండర్ పిస్టన్‌ని పూర్తిగా పైకి తెచ్చి గేర్ల మీది గుర్తులు చూడండి. మధ్యలో ఐడ్లర్ గేర్ ఉన్న ఇంజన్లలో గుర్తులన్నీ ప్రతి చుట్టుకీ ఎదురెదురు రావు, అందుకని టెన్షన్ పడక్కర్లేదు. గేర్లు కదపకముందే మీరే పెయింట్‌తో కొత్త గుర్తులు పెట్టుకుంటే సరి. పుష్ రాడ్లు తీసినవి తీసినట్టు అట్టముక్కకి చిల్లులు పొడిచి వరసగా గుచ్చండి.

కొన్ని ఇంజన్లలో టాపెట్ల (క్యామ్ మీద కూర్చుని పుష్ రాడ్లని పైకి నెట్టే ముక్కల) అడుగు పుట్టగొడుగులా వెడల్పుగా ఉంటుంది, పైనుంచి ఊడిరావు. వాటిని పైకి పట్టి ఉంచి క్యామ్ లాగాలి, లేదా ఇంజన్ దించి తిరగేయాలి. ఎలాగూ కొత్త టాపెట్లు వేయాలంటే ఇంజన్ అడుగునున్న ఆయిల్ ఛాంబర్ విప్పక తప్పదు. కొన్ని పాత బండ్లలో ఆ ఛాంబరే ముందు భాగం బరువు మోస్తుంది, అలాంటప్పుడు ఇంజన్ దించేయడమే సుఖం.

ఇక అసలు విషయం. “ఏం గాదులే అన్నా, టాపెట్లు బానే ఉండాయి” అని మెకానిక్ అంటాడు. ఒప్పుకోవద్దు. టాపెట్ నడుస్తూ తన చుట్టూ తాను తిరుగుతుంది, దాని అడుగున గుండ్రటి గీతలు ఉండాలి. అడ్డంగా ఒకే గీత పడితే అది తిరగడం మానేసి క్యామ్‌ని గీకేస్తోందన్నమాట. గుంట పడినా, చిన్న చిన్న చిల్లులు కనిపించినా అది పనికిరాదు. పాత టాపెట్ల మీద కొత్త క్యామ్ వేస్తే కొత్తదీ అరిగిపోతుంది, అంత ఖర్చూ దండగ. సెట్ మొత్తం మార్చండి. క్యామ్ బుష్‌లు, ఆయిల్ దారులు కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే మురికి ఆయిల్, మూసుకుపోయిన దారి ఉన్నచోట ఏ క్యామ్ వేసినా నిలవదు.

కొత్త క్యామ్‌ని పాతదాని పక్కన పెట్టి పొడవు, కీ గాడి, డీజిల్ ఫీడ్ పంపుని నడిపే లోబ్ అన్నీ సరిపోల్చండి. లోబ్‌లకీ టాపెట్ల అడుగుకీ మాలిబ్డినం పేస్ట్ పూసి, బుష్‌లకి తగలకుండా మెల్లగా తిప్పుతూ లోపలికి తోయాలి. థ్రస్ట్ ప్లేట్ (క్యామ్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టేది) బిగించి, గేర్ గుర్తులు కలిపి, కవర్‌కి కొత్త సీలు వేయండి. టాపెట్ గ్యాప్ మీ ఇంజన్ పుస్తకంలో ఉన్నంతే పెట్టండి. పాత పెర్కిన్స్ మూడు సిలిండర్ల రకానికి చల్లగా ఉన్నప్పుడు 0.30 మిల్లీమీటర్లు.

స్టార్ట్ చేసే ముందు క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పండి, ఎక్కడైనా తగిలి ఆగితే బలవంతంగా తిప్పొద్దు, టైమింగ్ మళ్లీ చూడండి. డీజిల్ ఆపేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ ఆగి ఆగి కొట్టండి. బండి అందుకున్నాక స్లోలో వదిలేయకుండా 1500 ఆర్‌పీఎం దగ్గర ఓ ఇరవై నిమిషాలు నడపాలి. కొత్త లోబ్‌ల మీదికి ఆయిల్ బాగా చిమ్మేది అప్పుడే. కొన్ని గంటలు పని చేశాక గ్యాప్ మళ్లీ చూసి, ఆ మొదటి ఆయిల్‌నీ ఫిల్టర్‌నీ తొందరగా మార్చేయండి.