పాత అకార్డియన్ వయసు కట్టడం – 4వ పాఠం: లోపలి అంకెలు

పోయిన పాఠంలో బెలోస్ (గాలి తిత్తి) ఫ్రేమును పెట్టెకు పట్టి ఉంచే పిన్నులు తీయించాం. తిరిగి బిగించాక గాలి కారుతోందంటే పిన్నులు తారుమారయ్యాయన్నమాట. చూడ్డానికి అన్నీ ఒకటే, రంధ్రాలు మాత్రం ఒకటి కావు. ఈసారి అట్టముక్క మీద పెట్టె ఆకారం గీసి, ఏ పిన్ను ఎక్కడిదో అక్కడే గుచ్చండి. ఇప్పటికే కలిసిపోతే ఒక్కోదాన్ని వేలితో తోసి చూడండి. వదులుగా జారేదీ, మొదట్లోనే బిగిసిపోయేదీ ఆ రంధ్రానివి కావు. సుత్తి వద్దు, ఫ్రేము చీలుతుంది.

ఇక అసలు పొరపాటు. రీడ్ బ్లాకు (స్వరం పలికే రేకులు, అంటే రీడ్లు, అమర్చిన చెక్క) మీద పెన్సిల్‌తో 37 అని కనిపించగానే 1937 అని రాసేసుకోవద్దు. అదే అంకె కోసం గ్రిల్ (కీల పక్కనుండే జాలీ మూత) వెనక, బెలోస్ ఫ్రేము అంచున, బేస్ వైపు, అంటే ఎడమచేతి వైపు, మూత లోపల వెతకండి. అక్కడా 37 ఉంటే అది జత గుర్తు. ఒకేసారి తయారయ్యే పెట్టెల భాగాలు ఒకదానివి ఇంకోదానికి పోకుండా పనివాళ్లు వేసుకున్నది. దాని పక్క పెట్టె 38. 52 ఉన్నా, 61 ఉన్నా ఇదే లెక్క. రోజు, నెల, సంవత్సరం మూడూ ఉంటేనే తేదీ అనుకోండి. అప్పుడు కూడా రీడ్లను అతికించిన మైనం చూడండి: పాతది నల్లబడి పెళుసుగా ఉంటుంది. అంతటా లేతగా, మెత్తగా ఉంటే ఆ తేదీ రిపేరుది కావచ్చు. రీడ్ ప్లేటు మీది అక్షరాలు స్వరాల పేర్లు. జర్మన్ రీడ్ల మీద 'హెచ్' అంటే మనం 'బి' అనేది.

పేరుపలక మీది సంవత్సరమూ ఇలాంటిదే. జర్మన్ కంపెనీ హోనర్ పెట్టె మీద 1857 కనిపిస్తే అది కంపెనీ పుట్టిన ఏడు. వాళ్లు అకార్డియన్లు మొదలుపెట్టిందే 1903లో. పెట్టె మీద బొమ్మగా వేసిన బహుమతి పతకం మీది ఏడు చెప్పేది ఒక్కటే: పెట్టె అంతకన్నా పాతది కాదు.

నేనైతే ముందు స్క్రూలు చూస్తాను. ప్లస్ గాడి స్క్రూకు పేటెంట్ 1936లో వచ్చింది. అన్ని స్క్రూలూ అవే అయి, చెక్కలో పాత రంధ్రాల జాడ లేకపోతే పెట్టె దాదాపు ఆ తర్వాతిదే. 'మేడ్ ఇన్ జి.డి.ఆర్.' (తూర్పు జర్మనీ) అని ఉంటే 1949–1990 మధ్యది. 'డి.ఆర్.జి.ఎం.' ముద్ర (జర్మనీలో చిన్న ఆవిష్కరణల నమోదు గుర్తు) 1891కి ముందు లేదు.

పైపూత సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) అయితే వేడి, అసిటోన్ తగలనీయకండి. వేడికి అది అంటుకుంటుంది, అసిటోన్‌కు కరిగిపోతుంది.

అభ్యాసం: పెట్టె విప్పకుండా ఎనిమిది గుర్తులు పట్టండి. ప్రతిదానికీ 'దీనికి ముందు కాదు', 'దీని తర్వాత కాదు' అని రెండు గళ్లు నింపండి. ఖాళీ గడిని ఊహతో నింపొద్దు. తేడా పదేళ్లకు తగ్గేదాకా పిన్నుల జోలికి వెళ్లకండి.