పర్మాంగనేట్ మరకకు సి విటమిన్ మాత్ర

కోళ్ల తొట్టిలోనో, పళ్లు కడిగే నీళ్లలోనో క్రిములను చంపే పొటాషియం పర్మాంగనేట్ కలిపాక చేతికి, బకెట్‌కి గోధుమరంగు మరక పడుతుంది. సబ్బుతో ఎంత రుద్దినా పోదు. ఒక సి విటమిన్ మాత్రను పొడి చేసి, కాసిన్ని నీళ్లలో కలిపి రాయండి. కాసేపట్లో మరక మాయం!

ఊదారంగు పర్మాంగనేట్‌లో మాంగనీసు అనే లోహం +7 స్థితిలో ఉంటుంది, అంటే ఏడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టు లెక్క. చర్మం తగలగానే +4కి దిగి, నీటిలో కరగని గోధుమరంగు మాంగనీసు డయాక్సైడ్ అవుతుంది. మన విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి గనుల నల్లటి మాంగనీసు రాయిలోనూ ఎక్కువగా ఉండేది ఈ +4 మాంగనీసే. సి విటమిన్ మరకలోని మాంగనీసుని +2కి దించుతుంది. అది దాదాపు రంగులేనిది, నీళ్లలో కరిగిపోతుంది. నిమ్మరసం కూడా పనిచేస్తుంది కానీ నెమ్మది.

పాలరాయి మీద మాత్రం వాడొద్దు, పులుపుకి మెరుపు పోతుంది. పర్మాంగనేట్ పలుకుల దగ్గరికి గ్లిజరిన్ అసలు తేవద్దు, మంటలు లేస్తాయి.