పోయిన చర్చి చరిత్ర రాయడం - 4వ పాఠం: కూలిందా, కూల్చారా?

ఈసారి పాత బొమ్మలు చదవడం గురించి చెబుదామనుకున్నాను, కుదరలేదు. పోయిన పాఠంలో పాత గోవాలోని సెయింట్ అగస్టీన్ చర్చి తేదీలిచ్చి ఐదు వాక్యాలు రాయమన్నాను కదా. మీరు పంపినవాటిలో సగానికి పైగా ఒకే వాక్యం కనిపించింది: "1842లో చర్చిని కూల్చేశారు." ఎవరు కూల్చారండీ? పలుగు ఎవరి చేతిలో ఉంది?

కూలడం వేరు, కూల్చడం వేరు. ఒక్క 'చ' చేరిందంటే కథలోకి ఒక నేరస్థుడు వచ్చి కూర్చుంటాడు. 1842 సెప్టెంబరు 8న పడింది లోపలి కమాను కప్పు. దాన్ని ఎవరూ పడగొట్టలేదు. ఐదంతస్తుల ముఖభాగం ఆ తర్వాత కూడా దాదాపు తొంభై ఏళ్లు నిలబడే ఉంది. 1931లో అదీ, గోపురంలో సగమూ పడ్డాయి. 1938లో మరికొంత రాలింది. అంటే మీరు ఒక్క క్రియలో తేల్చేసిన పని జరగడానికి 96 ఏళ్లు పట్టింది.

పోనీ "కూలింది" అని రాసి ఊరుకుంటే సరిపోతుందా? అదీ సగం నిజమే. ఈ చర్చి క్రైస్తవ సన్యాసుల మఠంలోది, గోవా అప్పుడు పోర్చుగల్ చేతిలో ఉంది. 1834లో పోర్చుగల్ అలాంటి మఠాలను రద్దు చేసింది. ఆ మరుసటి ఏడు గోవాలో అది అమలై సన్యాసులు వెళ్లిపోయారు. కట్టడమేమో లాటరైట్ రాయి. ముక్క చేతిలోకి తీసుకుని చూడండి, ఒళ్లంతా చిల్లులే. దానికి సున్నపు పూతే గొడుగు. పూత పెచ్చులూడితే మళ్లీ వేసే మనిషి ఉండాలి, పైగా అది గోవా వాన. కాబట్టి మొదటి క్రియ "రద్దు చేశారు", రెండోది "వదిలేశారు", ఆ తర్వాతే "కూలింది". ఈ వరస తప్పితే మార్కులు లేవు.

నా అడ్డదారి ఒకటి చెబుతాను. గోడల సంగతి తర్వాత, ముందు గంట ఎటు పోయిందో చూస్తాను. ఇక్కడి గంట 1841లోనే అగ్వాడా కోటకు చేరింది. 1871 నుంచి పణజిలోని ఇమ్మాక్యులేట్ కన్సెప్షన్ చర్చిలో ఉంది. కప్పు పడేదాకా ఆగకుండా ముందే గంట దించుకున్నారంటే, ఆ చర్చి పని అప్పటికే అయిపోయిందన్నమాట.

1597లో మొదలై 1602లో పూర్తయిన చర్చిని బరోక్ (17వ శతాబ్దంలో యూరప్‌లో విరివిగా నడిచిన ఆడంబరమైన కట్టడ శైలి) అనొచ్చా అని ఒకరు నిలదీశారు. గట్టిగా అడిగితే అది బరోక్ గుమ్మంలో నిలబడ్డ చర్చి. ప్రస్తుతానికి లోపలికి రానిద్దాం.

"శిథిలాల్లో ఇంకేముంటుంది?" అన్నవారికి మాత్రం ఒక జవాబు బాకీ ఉన్నాను. 1624లో ఇరాన్‌లో చంపేసిన జార్జియా రాణి కెటెవాన్ ఎముకల్ని ఈ మఠంలో, ఒక గది రెండో కిటికీ దగ్గర రాతిపెట్టెలో ఉంచారని పాత పోర్చుగీసు కాగితాల్లో ఉంది. గోడలే లేని చోట రెండో కిటికీ ఏదో తేల్చాలంటే ముందు మఠం ప్లాను మొత్తం తవ్వి తీయాలి. తీశారు. దొరికిన ఎముక డీఎన్ఏను మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పరీక్షించారు, జార్జియా వైపు వంశమేనని తేలింది. 2021లో ఎముకలో కొంత భాగాన్ని ఆ దేశానికి అప్పగించారు.

అభ్యాసం: చైనా తీరంలో ఒకప్పుడు పోర్చుగీసుల కింద ఉన్న మకావులోని సెయింట్ పాల్స్ చర్చి. 1640 నాటికి ముఖభాగం పూర్తి, 1762లో దాన్ని నడిపిన జెసూట్ల (ఒక క్రైస్తవ సన్యాసుల సంఘం) బహిష్కరణ, తర్వాత సైనికుల బస, 1835లో అగ్నిప్రమాదం, ఇప్పుడు ముఖభాగం ఒక్కటే మిగిలింది. ఐదు వాక్యాలు రాయండి. ప్రతి వాక్యంలో కర్త కనబడాలి. "కూలింది", "కూల్చారు", "ధ్వంసమైంది" వాడకూడదు. "కాలగర్భంలో కలిసిపోయింది" అని రాసినవాళ్ల కాగితం చదవను.