ఫార్ములా వన్‌లో ఇంజిన్ గొడవ మొదలైతే దాన్ని ఎలా చదవాలి

ఫలానా టీమ్ ఇంజిన్‌లో ఏదో మోసం ఉందట అని వార్త రాగానే ఏదో ఒక పక్షం పట్టేయకండి. ముందు ఆ రూల్‌ని దేనితో, ఎలా కొలుస్తున్నారో చూడండి, ఎందుకంటే నేను చూసినంతలో పెద్ద ఇంజిన్ గొడవలు చాలావరకు కొలత దగ్గరే పుడతాయి.

2019 ఫెరారీ సంగతే తీసుకోండి. ఇంజిన్‌లోకి వెళ్ళే ఇంధనం గంటకు 100 కిలోలు దాటకూడదని అప్పటి రూల్. దాన్ని కొలిచే సెన్సర్ ఎడతెరిపి లేకుండా చూస్తూ కూర్చోదు, సెకనుకి ఎన్నోసార్లు విడివిడిగా రీడింగ్ తీసుకుంటుంది. మరి రెండు రీడింగ్‌ల మధ్య సందులో కాస్త ఎక్కువ పంపిస్తే? ఆ ఏడాది వేసవి సెలవుల తర్వాత ఫెరారీ వరుసగా ఆరు పోల్స్ (రేసులో అందరికంటే ముందు నుంచి బయల్దేరే స్థానం) కొట్టింది, స్ట్రెయిట్‌లలో, అంటే మలుపుల్లేని చోట, దాన్ని అందుకోవడం మిగతావాళ్ళ వల్ల కాలేదు. అప్పుడు పోటీ టీమ్ రెడ్ బుల్ ఫిర్యాదు పెట్టలేదు, ఇలా చేస్తే రూల్ ఒప్పుకుంటుందా అని ఈ పోటీలకి రూల్స్ పెట్టే సంస్థ ఎఫ్ఐఏకి సందేహం రాసింది. ఇలాంటి సందేహం కనిపిస్తే అడిగిన టీమ్‌ని కాదు, ఆ ప్రశ్న ఎవరి మీద అనుమానంతో పుట్టిందో చూడండి.

ఒప్పుకోదు అంటూ అమెరికాలోని ఆస్టిన్ రేసు వారాంతంలో టెక్నికల్ డైరెక్టివ్ వచ్చింది. డైరెక్టివ్ అంటే శిక్ష కాదు, కొత్త రూల్ కూడా కాదు. ఉన్న రూల్‌ని ఎఫ్ఐఏ టెక్నికల్ విభాగం ఎలా అర్థం చేసుకుంటోందో చెప్పే కాగితం, అంతే. తప్పు తేల్చాల్సింది స్టీవార్డ్‌లు (రేసు దగ్గర తీర్పు చెప్పే అధికారులు), ఆపైన ఎఫ్ఐఏ అప్పీల్ కోర్టు. ఉదాహరణకి 2014 మెల్‌బోర్న్‌లో రెండో స్థానంలో వచ్చిన రెడ్ బుల్ డ్రైవర్ రికియార్డోని ఇంధనం పరిమితి దాటిందని డిస్‌క్వాలిఫై చేస్తే, సెన్సర్ తప్పు చూపిస్తోంది, మా లెక్కే కరెక్ట్ అని రెడ్ బుల్ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు.

ఇక ట్రాక్ మీద సాక్ష్యం. ఒక్క రేసు చూసి తీర్పు చెప్పేయడం చాలామంది చేసే పొరపాటు. ఆస్టిన్‌లో ఫెరారీ డ్రైవర్ లెక్లెర్క్ విజేత కంటే 52 సెకన్లు వెనకబడగానే, ఇంకేముంది దొరికిపోయారు అన్నారు, కానీ ప్రాక్టీస్‌లో ఇంజిన్ పాడై అతను పాతది వేసుకుని పరిగెత్తాడు, అదే ట్రాక్‌లో ఫెరారీ రెండో డ్రైవర్ వెటెల్ 0.012 సెకన్ల తేడాతో పోల్ పోగొట్టుకున్నాడు. అందుకే ఇంజిన్ వయసు చూడండి, వింగ్ సెట్టింగ్ చూడండి, అన్నిటికన్నా ముఖ్యంగా అదే ఇంజిన్ వాడే మిగతా టీమ్‌లని చూడండి. 2020లో ఫెరారీతో పాటు దాని ఇంజినే వాడే హాస్, ఆల్ఫా రోమియో కూడా స్ట్రెయిట్‌లలో నీరుగారిపోయాయి, టీమ్‌ల పట్టికలో ఫెరారీ ఆరో స్థానంలో ఆగింది. నా లెక్కలో ఆస్టిన్ కంటే ఇది చాలా బలమైన సూచన.

అయినా సూచన వేరు, రుజువు వేరు. 2020 ఫిబ్రవరి 28న ఎఫ్ఐఏ ఫెరారీతో ఒప్పందం కుదిరిందని ప్రకటించి వివరాలు బయటపెట్టలేదు, తప్పు జరిగిందని తిరుగులేకుండా నిరూపించడం సాధ్యం కాదని తర్వాత చెప్పింది. ఫెరారీ ఇంజిన్ వాడని ఏడు టీమ్‌లు బహిరంగంగానే అభ్యంతరం చెప్పాయి. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఆ గోప్యతే, టికెట్ కొని రేసు చూసేవాళ్ళకి ఏం జరిగిందో తెలిసే హక్కు లేదా? అలాగని ఫెరారీ మోసం రుజువైందని మాత్రం ఎక్కడా రాయకండి, రుజువు కాలేదు.

చివరగా మరుసటి ఏడాది రూల్‌బుక్ తెరవండి, కొలతలో ఏం మార్చారో అక్కడ కనిపిస్తుంది. 2020 నుంచి ప్రతి కారుకీ ఇంధనాన్ని కొలిచే రెండో సెన్సర్ తప్పనిసరి చేశారు.